కంచికి ఏడు నిమిషాల ముందు

జూలై నెల. జిలాంగ్‌లో బడి సెలవులు.
సముద్రం మీంచి వచ్చే చలిగాలి
కార్ పార్కులో ట్రాలీలను తనే తోసుకెళ్తోంది.
నాలుగో నంబరు హాల్లో పిల్లల బొమ్మల సినిమా,
రోజుకు ఆరు ఆటలు.

నా పని ఆట అయ్యాక మొదలవుతుంది.
చీపురూ, చేటా, నల్ల సంచీ పట్టుకుని
తలుపు పక్కన చీకట్లో నించుంటాను,
ఏడు నిమిషాల ముందే.
ఆ ఏడు నిమిషాలకీ జీతం రాదని
ట్రూడీ చెప్పింది, తనూ వచ్చి నించుని.

అలా ఆ సినిమా నేను
నలభై ఒక్కసార్లు చూశాను,
చివర మాత్రమే.

గొడుగు తిరగేసి పట్టుకుని ఒక పిల్ల
కొండ మీద నిలబడుతుంది.
గొడుగు నిండా సముద్రం.
మూతి కుట్టేసిన లైట్‌హౌస్
దారం పుటుక్కుమనగానే పెద్దగా ఆవులిస్తుంది.
ఊరంతా పసుప్పచ్చటి వెలుగు.
బొగ్గు రంగు బాతొకటి ఏడుస్తుంది.

ఎందుకేడుస్తుందో నాకు తెలీదు.
ఆ మూతి కుట్టిందెవరో తెలీదు.
పిల్లకి ఒక కాలికే చెప్పుంటుంది.
రెండోది ఎక్కడ పోయింది?

మా నాయనమ్మ కథ మొదలెడితే
"అనగనగా" దగ్గర తొమ్మిది మందిమి మేలుకునుండేవాళ్ళం.
కంచి దాకా వెళ్ళేది ఆవిడొక్కతే.
ఇక్కడేమో నాకు
రోజుకు ఆరుసార్లు కంచి.
అనగనగా మాత్రం దొరకలేదు.

దీపాలు వెలిగాక సీట్ల కింద
ఒంటి చేతి ఉన్ని తొడుగు, తొక్కిన పాప్‌కార్న్,
చెప్పుకి అతుక్కునే జ్యూసు మరక.
ఒకరోజు టిష్యూలో చుట్టిన పాలపన్ను.
పారెయ్యడానికి చెయ్యి రాక
పోయిన వస్తువుల డబ్బాలో పెట్టాను.
మూడు రోజులు ఎవరూ అడగలేదు.
నాలుగో రోజు చూస్తే పన్ను లేదు,
దాని చోట రెండు డాలర్ల నాణెం.
ట్రూడీ కిటికీలోకి చూస్తోంది.

మర్చిపోయిన టోపీ కోసం వెనక్కొచ్చిన బుడ్డోణ్ణి
పట్టుకుని అడిగాను: బాతెందుకేడ్చింది?
"అది బాతు కాదుగా!" అని
నా తెలివికి జాలిపడి పరిగెత్తాడు.

మంగళవారం నాకు సెలవు.
సగం ధర టికెట్లు రెండు.
మధ్య వరసలో, మధ్య సీటులో
చార్వి పక్కన రాణీగారిలా కూచున్నాను.
తెర మీద మొదటి వాన చినుకు పడింది.
పిల్ల వచ్చింది, రెండు కాళ్ళకీ చెప్పులతో!
నాకెంత సంతోషమేసిందో.
లైట్‌హౌస్ నోరారా ఏదో కూనిరాగం తీస్తోంది.
సీటు వెచ్చగా ఉంది.
నిన్న రాత్రి ఒంటిగంట దాకా షిఫ్టు.
సీటు ఎంత వెచ్చగా ఉందంటే

ఫ్లూటు మోగింది.
చెయ్యి తనంతట తనే
చీపురు కోసం వెతుక్కుంది.
కొండ. గొడుగు. సముద్రం.

"గురక పెట్టావమ్మా," అంది చార్వి,
నా పాప్‌కార్న్ కూడా ఖాళీ చేసి.
నా బదులొచ్చిన కుర్రాడు
తలుపు పక్కన చీకట్లో
చేట వదిలేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.
అతనికి నేను చెప్పగలిగిందేమీ లేదు.
లేస్తూ లేస్తూ మా వరస కింద కాగితాలు ఏరబోతే
చార్వి నా చెయ్యి పట్టి లాగింది.

మూరబూల్ స్ట్రీట్ బస్ స్టాపులో
నా కోటు జేబులో తన చేతులు దూర్చి
"వన్స్ అపాన్ ఎ టైమ్" అని మొదలెట్టింది.
అలా కాదు, అనగనగా అను, అన్నాను.
"అనగనగనగా," అంది,
ఒక గ ఎక్కువేసి.
దిద్దలేదు. ఎక్కువే మంచిది, నాకు బాకీ ఉంది.

అది బాతు కాదట.
ముందు వేరే ఏదోనట, అదిప్పుడు చెప్పకూడదట,
చెప్పు సంగతి ముందు రావాలట.
సరే, ఆ చెప్పు
గట్టు మీంచి జారి, నీళ్ళలో

బస్సొచ్చింది.
కార్డు తాకించి
వెనక సీటు దాకా
ఊపిరి బిగబట్టి నడిచాను.